నాలుగు హాళ్ళ మాట

భూకంపం రాదు. తుఫాను రాదు. వరద మాట అసలే లేదు. కరిదిన్నె గురించి ఒకరు ఇంత మెప్పుగా మాట్లాడటం ఆ ఊరివాళ్ళు వినడం అదే మొదటిసారి.

మాట్లాడుతున్నది విజయభాస్కర్. ఒక పెద్ద బ్యాంకుకు కంప్యూటర్లు నడిపిపెట్టే కంపెనీలో పై అధికారి. రాయదుర్గం మనిషి. బడి ముందర వేసిన షామియానా కింద, గ్రామసభకు వచ్చిన జనం మధ్యలో నిలబడి, మైకు కూడా వద్దని పక్కనపెట్టి చెబుతున్నాడు.

"వాన పడని చోటని మీరు ఏడుస్తాండారు. మాకు కావల్సింది అట్లాంటి చోటేనప్పా! బెంగళూరులో ఉండే మా యంత్రాలకు ఏమన్నా అయితే, ఆ పని ఆగకుండా ఇంకోచోట నడవల్ల. నీళ్ళు ముంచని చోట, నేల అదరని చోట. ఈ దిన్నెకంటే మంచిది యాడ దొరుకుతాది?"

జనం నవ్వారు. మండల కేంద్రం కుందుర్పి నుంచి వచ్చిన అధికారులు కూడా నవ్వారు.

కంపెనీ అడుగుతున్నది ఊరికి పడమట ఉన్న పెద్ద బీడు. కాగితాల్లో అది ప్రభుత్వానిది, వాడుకలో గొర్రెలది. నాలుగు వానలు పడితే ఊరి మందలన్నీ అక్కడే మేస్తాయి. బీడు దాటితే వంక ఉంది. ఎండాకాలంలో కూడా వంకలో చెలమ తవ్వితే జీవాలు తాగడానికి నీళ్ళు ఊరతాయి. ఊరు ఒప్పుకుంటేనే భూమి ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. అందుకే ఈ సభ.

ఈశ్వరి షామియానా గుంజ పక్కన నిలబడి వింటోంది. ఆమె ఆ ఊరి పిల్లే, గొర్రెల కాపరి నల్లప్ప కూతురు. అనంతపురంలో ఇంజనీరింగు చదివి విజయభాస్కర్ దగ్గర పనిలో చేరింది. చేరిన కొత్తలో మీటింగుల్లో ఇంగ్లీషు నోటికి రాక తల దించుకుని కూచుంటే, "నీకొచ్చిన మాటల్లో చెప్పమ్మీ, వాళ్ళకు నేను చెప్తా" అని పక్క కుర్చీలో కూచోబెట్టుకున్నవాడు ఆయన. ఆమె తల్లి చనిపోయినప్పుడు అనంతపురం నుంచి కారు నడుపుకుంటూ వచ్చి, మట్టి వేసేదాకా ఉండి వెళ్ళాడు. ఆఫీసులో ఆయన సారు, బయట అన్న.

బ్యాంకు పని నడిచేది మెయిన్‌ఫ్రేములనే పెద్ద కంప్యూటర్ల మీద. ఒక్కొక్కటి బీరువా అంత ఉంటుంది. జీతాలు పడాలన్నా, పింఛను రావాలన్నా, ఫోనులో టీకొట్టువాడికి డబ్బు పంపాలన్నా ఆ బీరువాల గుండా పోవాల్సిందే. వచ్చే ఏళ్ళలో ఆ రద్దీ ఎంత పెరుగుతుందో, దాన్ని మోయడానికి ఎన్ని యంత్రాలు కావాలో ముందుగానే అంచనా కట్టడం ఈశ్వరి పని. తమ దగ్గరున్న యంత్రాల సత్తాను బట్టి ఆమె అంచనా కట్టింది. నాలుగు పెద్ద హాళ్ళు నిండేన్ని యంత్రాలు కావాలని తేలింది. ఆ అంచనా చూసి విజయభాస్కర్ ఆమె భుజం తట్టి, "ఈ డేటా కేంద్రాన్ని మీ ఊరికే తీసుకపోదాం పా" అన్నాడు. ఆ రోజు ఆమెకు ఆకలి కూడా తెలియలేదు, అంత సంతోషం.

సభలో కదిరమ్మ లేచింది. నల్లప్పకు అక్క, ఈశ్వరికి మేనత్త. ఊళ్ళో అందరికంటే పెద్ద మంద ఆమెదే.

"అంతా బాగుండాది సారూ. మా జీవాలు యాడ మేయల్ల?"

"హాళ్ళ చుట్టూరానే కంచె వేస్తామమ్మా. ఒక్కో హాలు లేచే కొద్దీ కొంచెం కొంచెం తీసుకుంటాం. అంతవరకూ బీడు మీదే. నాలుగు హాళ్ళు లేచేనాటికి మీ పిల్లోల్లంతా లోపల ఉద్యోగాల్లో ఉంటారు. యంత్రాలు కనిపెట్టుకోను మనుషులు కావల్ల, ఏసీలు చూసుకోను కావల్ల, కరెంటు పనికి కావల్ల. అప్పుడు గొర్రెల వెంబడి తిరిగేకి మనిషి యాడ దొరుకుతాడో మీరే ఎతుక్కోవల్ల!"

కదిరమ్మ నవ్వలేదు. "నీ మాట వద్దులే సారూ. నువ్వు ఈ పొద్దు ఉంటావు, రేపు పోతావు. మా పిల్ల చెప్పనీ. ఏమ్మే ఈశ్వరీ, నాలుగు హాళ్ళు నిజంగా వస్తాయా?"

అందరూ ఈశ్వరి వైపు తిరిగారు. నల్లప్ప కూడా చూశాడు. ఆమె ముందుకొచ్చింది.

"నిజమే అత్తా. నాలుగూ కావల్ల. ఆ అంచనా కట్టింది నేనే."

"అయితే సరే" అంది కదిరమ్మ. మొదట ఆమె చెయ్యెత్తింది. ఆమెను చూసి ఆడవాళ్ళంతా ఎత్తారు. నల్లప్ప ఎత్తాడు. ఆ తర్వాత వద్దన్నవాళ్ళు లేరు.

ఆ వారంలోనే కదిరమ్మ కొడుకు ఆంజనేయులు ఈశ్వరిని అడిగాడు. బెంగళూరులో ఒక హోటల్లో వంటమనిషిగా ఉన్నాడు. తిరిగొస్తే పని దొరుకుతుందా అని. "నాలుగు హాళ్ళు చల్లగా ఉంచల్లంటే ఏసీ పని తెలిసినోళ్ళు కావాల్సిందే బావా, నేర్చుకో" అంది. అతడు హోటలు పని మాని అనంతపురంలో ఏసీల పని నేర్చుకోవడానికి చేరాడు.

మొదటి హాలు లేచింది. ఊళ్ళో కొందరికి ఇటుకల పని, కాంక్రీటు పని దొరికింది. హాలు పూర్తయ్యాక ఒక లారీలో యంత్రాలు వచ్చాయి. ఈశ్వరి ఎదురుచూసిన పాత రకం కాదు, వాటి తర్వాతి తరానివి. విజయభాస్కర్ ఫోనులో "కొత్తవి దొరికినాయిలే, మన అదృష్టం. ఎట్ల నడుస్తాయో నువ్వే పరీక్ష చేసి చెప్పల్ల" అన్నాడు.

యంత్రాలు తయారుచేసే కంపెనీ నుంచి కృపాకుమారి అనే ఇంజనీరు వచ్చింది. శింగనమల పిల్ల. ఈశ్వరికంటే చిన్నది. వచ్చిన గంటకే అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి పరీక్షకు కూచున్నారు.

మొదట మామూలు రోజు రద్దీ పెట్టారు. యంత్రానికి అది లెక్కలోకే రాలేదు. తర్వాత జీతాల రోజు రద్దీ. పాత యంత్రం మీద ఆ రోజు తెరమీద రద్దీ బరువును చూపించే గీత కొండెక్కినట్టు ఎక్కేది. తొందర లేని పనులన్నీ పక్కకు నెట్టి, గీత దిగేదాకా ఈశ్వరి గోళ్ళు కొరుక్కునేది. ఇక్కడ గీత కదలలేదు.

"ఇది కూడా మోస్తాదా?" అంది ఈశ్వరి.

"ఇంకా పెంచక్కా" అంది కృపాకుమారి.

పెంచారు. ప్రతి లావాదేవీని రహస్య లిపిలోకి మార్చడం పాత యంత్రానికి పెద్ద బరువు. కొత్తదానిలో ఆ పనికి చిప్పులోనే వేరే భాగం ఉంది. పాత ఫైళ్ళను కుదించి పెట్టడం కూడా అంతే. మాటిమాటికీ కావాల్సిన సమాచారం దూరాన ఉన్న గోదాము నుంచి మోసుకురాకుండా, చేతికందే అరలోనే ఉన్నట్టు పెట్టుకుంటుంది. అవన్నీ ఈశ్వరి చదివి ఉంది. కానీ తను ఏళ్ళ తరబడి కుస్తీపట్టిన పనిని ఒక యంత్రం అంత తేలిగ్గా మోయడం కళ్ళారా చూస్తుంటే ఒళ్ళు పులకరించింది. దొంగ చెల్లింపులను పట్టుకునే తనిఖీ కూడా పెట్టింది. అది పెడితే పాతది పడకేసేది. గీత కొద్దిగా కదిలి మళ్ళీ సాఫుగా సాగింది.

ఈశ్వరి చప్పట్లు కొట్టింది. కృపాకుమారి నవ్వి, "ఇంక నీ అయిదేండ్ల అంచనా పెట్టక్కా, అదీ చూద్దాం" అంది.

నాలుగు హాళ్ళు నిండితే తప్ప మోయలేదనుకున్న రద్దీ అది. పెట్టింది. ఒక యంత్రం మోసింది. పక్కన రెండోది, మొదటిది ఆగిపోతే అందుకోవడానికి, ఖాళీగా నిలబడి ఉంది.

ఈశ్వరి కుర్చీలోంచి లేచింది. హాలు ఒక మూలన రెండు బీరువాలు. మిగిలిన నేలంతా ఖాళీ, కొత్త పలకలు తళతళలాడుతున్నాయి. సంతోషం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"కృపా, మరి మిగతా హాళ్ళు ఏంటికి?"

"ఏ హాళ్ళక్కా?"

"ఇంకా మూడు కట్టల్ల ఈడ."

కృపాకుమారి అయోమయంగా చూసింది. "ఏం పెట్టేకి? ఈ హాలే నిండదు కదా. మీ సారుకు తెలుసు కదక్కా. ఉగాదికి ముందే మా ల్యాబులో చూపించినాం. నీ అంచనానే తెచ్చినాడు. ఇప్పుడు నువ్వు పెట్టింది ఉండాది చూడు, ఇదే. నేనే నడిపినా. ఆయన నా పక్కనే కూచున్నాడు. రెండు పెట్టెలు చాలు అని ఆ పొద్దే తేలిపోయింది."

గ్రామసభ జరిగింది ఉగాది తర్వాత.

ఈశ్వరికి గుర్తొచ్చింది. ఆ చలికాలం చివర ఒకరోజు విజయభాస్కర్ "నీ అంచనా ఫైలు ఒకసారి ఇయ్యి అమ్మీ, ఊరికే చూస్తా" అని అడిగాడు. ఆమె ఇచ్చింది. ఏం చూశావని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగాలని తోచలేదు.

మర్నాడు అనంతపురం ఆఫీసుకు వెళ్ళింది. విజయభాస్కర్ ఆమెను చూడగానే కుర్చీ జరిపాడు. "రా రా, పరీక్ష అదిరిపోయిందంట కదా!" టీ చెప్పాడు.

ఆమె కూచోలేదు. "నీకు ముందే తెలుసన్నా."

ఆఫీసులో ఆమె ఎప్పుడూ అన్నా అనలేదు. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"కొత్త యంత్రం సంగతి బయట మాట్లాడేది లేదని సంతకం పెట్టినాం. ఎవురికీ చెప్పకూడదు."

"నేను బయటిదాన్నా?"

ఆయన బల్లమీది కాగితాలు సర్దాడు.

"ఒక హాలు చాలని తెలిసి, నాలుగు హాళ్ళని మా ఊర్లో ఏంటికి చెప్పినావు? నాతో ఏంటికి చెప్పించినావు?"

"పైవాళ్ళకు భూమి కావాలమ్మీ. ఒక్క హాలని చెప్తే అంత బీడు ఎవురిస్తారు? మిగిలిందాంట్లో సోలారు ప్యానెళ్ళు వస్తాండాయి. ఆ కరెంటు అమ్ముకుంటే ఇంత ఖర్చు పెట్టింది గిట్టుబాటు అయితాది. మీ ఊరోళ్ళకు పని ఉండదని ఎవురన్నారు? ప్యానెళ్ళు కడిగేకి మనుషులు కావల్ల."

"బీడంతా కంచె వేస్తారా?"

"వేయకపోతే గొర్రెలు ప్యానెళ్ళ కింద దూరవా?"

టీ తెచ్చిన మనిషి రెండు గ్లాసులు బల్లమీద పెట్టి వెళ్ళాడు.

"నాకు ముందే చెప్పింటే నేను ఆడ నిలబడి ఆ మాట అనుండేదాన్నా?" అంది ఈశ్వరి.

"అనుండవు" అన్నాడు విజయభాస్కర్. "నీకు అబద్ధం చెప్పేకి రాదు. నీ ముఖం చూస్తేనే మీ అత్త కనుక్కునేది. అందుకే నీకు చెప్పలేదు."

ఆ మాట ఆయన మెచ్చుకున్నట్టుగానే అన్నాడు. ఈశ్వరిని అన్నిటికంటే ఎక్కువగా కోసింది అదే. ఆరోజు షామియానా కింద ఆయన చేసింది మీటింగుల్లోలా తనను కాపాడటం కాదు, పైకి తేవడం కాదు. తన నిజాయితీని ఒక పనిముట్టులా వాడుకున్నాడు. ఎక్కడ వాడాలో ముందే అనుకుని, తనకు తెలియకుండా పదును పెట్టుకుని వచ్చాడు.

ఆమె టీ ముట్టకుండా బయటికి వచ్చింది. బస్టాండులో కల్యాణదుర్గం బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కింది. దారి పొడుగునా కిటికీలోంచి గాలిమరలు తిరుగుతూ కనబడ్డాయి. ఊళ్ళో ఏమని చెప్పాలో ఆమెకు ఒక్క మాట కూడా తోచలేదు.

ఆమె ఊళ్ళో దిగేసరికే బీడు చుట్టూ గుంజలు పాతుతున్నారు. జనం అక్కడే గుమికూడి ఉన్నారు. పని చేయించే మేస్త్రీ తనకేం తెలియదంటున్నాడు. ఈశ్వరిని చూసి దారి ఇచ్చారు, ఆమె వచ్చింది కాబట్టి ఇక సంగతి తేలిపోతుందన్నట్టు.

ఆమె చెప్పింది. కొత్త యంత్రం వచ్చిందని, దాని బలం ఎంతదో, ఒక్క హాలులో ఒక మూల చాలని, మిగిలిన మూడు హాళ్ళు రావని. బీడంతా సోలారుకు పోతుందని. తనకు తెలియదని. విజయభాస్కర్‌కు సభకు ముందే తెలుసని.

మొదట ఆంజనేయులు అడిగాడు. "అంటే ఆ ఏసీ పని?"

"రెండు యంత్రాలకు అంత చల్లదనం అక్కర్లేదు బావా. ఉండే రెండు ఏసీలనూ బెంగళూరు నుంచే చూసుకుంటారంట."

"హోటల్లో నా జాగాలో ఇంకొకన్ని పెట్టుకున్నారు" అన్నాడు అతడు, కోపం లేకుండా, అప్పుడే గుర్తొచ్చినట్టు. జనంలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు.

కదిరమ్మ ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. "నీకు తెలీదా?"

"తెలీదత్తా. అమ్మ మీద ఒట్టు."

"యంత్రాల పని నీది. అంచనా నీది. నీకే తెలీకపోతే, తెలీదని చెప్పల్ల. తెలుసన్నట్టు చెప్పితివే. సారు మాట నాకు వద్దంటి. నువ్వు చెప్తేనే చెయ్యెత్తితి."

ఈశ్వరి నల్లప్ప వైపు చూసింది. ఆయన గుంజలను చూస్తున్నాడు.

ఊరివాళ్ళు ఆటోలు మాట్లాడుకుని అధికారుల దగ్గరకు వెళ్ళారు. ఈశ్వరి కూడా వెళ్ళింది. తాను చూసినది, విన్నది, అన్నీ అధికారి ముందు చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. "మీ సభ తీర్మానంలో డేటా కేంద్రం, దాని అవసరాలు అని ఉందమ్మా. హాళ్ళెన్నో లేదు. మాటగా చెప్పినదాన్ని నేనెట్లా పట్టుకోను?" అన్నాడు. చాలా తిరుగుళ్ళ తర్వాత కంచె అంచున వంక దాకా జీవాలు పోవడానికి ఒక సందు వదలమని మాత్రం ఆదేశించాడు.

కంపెనీ లోపలి సంగతులు బయట చెప్పిందని ఈశ్వరిని పనిలోంచి తీసేశారు. ఆ మాట చెప్పింది కూడా విజయభాస్కర్ కాదు. ఎప్పుడూ చూడని ఎవరో అమ్మాయి ఫోను చేసి, గుర్తింపు కార్డు కొరియరులో పంపమంది.

సందు వెంబడి మందలు నీళ్ళకు పోయి వస్తున్నాయి. మేత లేదు. కొందరు జీవాలను అమ్ముకున్నారు. నల్లప్ప సగం మందను అమ్మి, మిగిలినవాటిని తోలుకుని ఇంకో ఇద్దరితో కలిసి గుమ్మఘట్ట మీదుగా కర్ణాటక వైపు పోవడానికి సిద్ధమయ్యాడు. వయసులో ఉన్నప్పుడు వెళ్ళేవాడు. ఈమధ్య మోకాళ్ళు నొస్తున్నాయని మానేశాడు.

బయల్దేరే రోజు పొద్దున ఈశ్వరి సద్ది మూట పట్టుకుని రోడ్డు దాకా వెంట నడిచింది. గ్రామసభ సంగతి తండ్రి ఇన్నాళ్ళూ ఎత్తలేదు. ఆమె ఇక ఆగలేకపోయింది.

"నాయనా, నన్ను తిట్టన్నా తిట్టు."

"ఏంటికి తిట్టేది? నిన్ను మోసం చేసినాడు వాడు."

"మరి నాతో మాట్లాడవేంటికి?"

నల్లప్ప వెనకబడిన గొర్రెను అదిలించి వచ్చాడు. "నువ్వు వాన్ని నమ్మినావు, మోసపోయినావు. అది నీకూ వానికీ మధ్య ఉండాది. ఊరు నమ్మింది వాన్ని కాదమ్మీ. నిన్ను." కొంత దూరం నడిచాడు. "నాకు నీమీద కోపం లేదు. అయినా మాట్లాడేకి మనసు రావడంలేదు. వస్తాదిలే. కొన్నాళ్ళు పోనీ."

సద్ది మూట తీసుకుని, ఇక వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆమె తిరిగి వస్తుండగా ఫోను మోగింది. విజయభాస్కర్.

"అమ్మీ, తిన్నావా? నీ గురించి హైదరాబాదులో ఒకచోట మాట్లాడినా. మంచి కంపెనీ. ఇట్లాంటి యంత్రాల పనే. నువ్వు ఊ అంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

అదే గొంతు. తల్లి పోయినరోజు ఇంటి ముందు నిలబడి ధైర్యం చెప్పిన గొంతు. అప్పుడు అది నిజమేనా, అప్పుడు కూడా లోపల ఇంకేదైనా ఉందా? ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. వెనకటి మంచి రోజులను కూడా ఆయన తనకు మిగల్చలేదని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఇంక నాకు ఫోను చేయొద్దండి" అంది. ఆయనతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ రాని ఆ 'అండి' దానంతట అదే వచ్చింది.

"ఈశ్వరీ, నా మాట విను..."

ఆమె ఫోను ఆపేసి నడిచింది.

సందు మొదట్లో కదిరమ్మ మంద ఎదురైంది. కంచెకూ తుమ్మ చెట్లకూ మధ్య ఇరుకులో గొర్రెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఈశ్వరి పక్కకు ఒదిగి నిలబడింది. కదిరమ్మ ఆమెను చూసి చూడనట్టు వెళ్ళబోయింది. ఇంతలో ఒక గొర్రెపిల్ల కంచె తీగల మధ్య దూరి ఇరుక్కుని అరిచింది. ఈశ్వరి వంగి, దాని బొచ్చును తీగ ముళ్ళలోంచి విడిపించి ఎత్తుకుంది. ముంజేతి మీద గీరుకుని రక్తం వచ్చింది.

కదిరమ్మ వచ్చి పిల్లను అందుకుంది. దాని కాళ్ళు తడిమి చూసింది, పొట్ట తడిమి చూసింది. దెబ్బేమీ తగల్లేదు. ఈశ్వరి ముఖం వైపు చూడకుండానే, "ఆ చేతికి పసుపు పెట్టుకోపో" అని, పిల్లను చంకనేసుకుని మంద వెనకాలే వంక వైపు వెళ్ళిపోయింది.